నాలుగు వేల ఏళ్ల దస్తావేజు

ఇస్రార్ సాబ్ మట్టిపలకను అరచేతిలోకి తీసుకుని భూతద్దం పెట్టాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ సుమలత కళ్లు ఆ భూతద్దం మీదే ఉన్నాయి.

మొన్న బుధవారం దుమ్ము తుడుస్తుంటే ఆ పలక చేతిలోంచి జారి నేలమీద పడింది. ఆ సమయానికి హాల్లో ఎవరూ లేరు. అద్దాల బీరువాలో ఏది పగిలినా పోలీసులకు అప్పగిస్తానని యజమాని ఉమర్ పనిలో చేరిన రోజే చెప్పాడు. ఆమె పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంది.

తాతల నాటి ఆ బాబిలోనియా పలక మీద ఏం రాసుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. చదివించడానికే ఈ పండితుణ్ణి మస్కట్ నుంచి ఒమన్ దక్షిణ కొసన ఉన్న ఈ సలాలాకి రప్పించాడు ఉమర్.

"ఆయప్ప కనుక్కుంటాడక్కా," అంది సుమలత. పలక జారిన సంగతి వంటమనిషి రాజేశ్వరి ఒక్కదానికే చెప్పింది.

"నీ వణుకు చూసి కనుక్కుంటాడు. కడపోళ్లు దేనికీ జడవరంటారే, కాఫీ కప్పులు కూడా నిలబెట్టలేవా?" రాజేశ్వరిది గోదావరి వెటకారం.

సుమలత పళ్లెం పట్టుకుని హాల్లోకి వెళ్లింది. ఇస్రార్ పలక మీది రాతను అరబ్బీలోకి మార్చి చదువుతున్నాడు. ఈ ఇంట్లో పనిచేస్తూ నేర్చుకున్న అరబ్బీతో సుమలతకు అర్థమవుతూనే ఉంది. ఎక్కడా తడబడటం లేదు. ఖర్జూర తోట అమ్మకం. తూర్పున కాలువ, పడమర గుడి మాన్యం. సాక్షులు ముగ్గురు. అచ్చం ఊళ్లో దస్తావేజులాగే ఉంది.

"మాట తప్పినవాడి నెత్తిన కాగే తారు పోయాలి," అని ముగించాడు.

సుమలత చెయ్యి తనకు తెలియకుండానే నడినెత్తి మీదికి పోయింది.

ఇస్రార్ పలక అంచులు తడిమాడు. వాసన చూశాడు. తలెత్తి సూటిగా ఆమె వైపు చూశాడు. ఆమె వంగి కప్పులు సర్దసాగింది.

"నాలుగు వేల ఏళ్లయినా ఒక్క పగులు లేదు," అంటూ పలకను ఉమర్‌కి అందించి, ధ్రువపత్రం మీద సంతకం చేశాడు. ఉమర్ అతన్ని కారు దాకా సాగనంపాడు.

"గండం గడిచిందిగా. ఇంకా ఆ ఏడుపు మొహమేంటే?" అంది రాజేశ్వరి.

"ఆయప్ప సదివినాడక్కా. నాకు దానికే భయమైతాంది."

అసలు పలక బుధవారమే ముక్కలై చెత్తబండిలో పోయింది. ఇస్రార్ చదివినవి, పెరటి అరటితోట మట్టి ముద్ద మీద సుమలత పుల్లతో తోచినట్టు పొడిచి, మిద్దె మీద ఎండబెట్టిన గాట్లు.