సమ్మె పోయిన చోట

ఇందుమతి నిఘంటువు కోసం ‘సమ్మె’ అన్న మాట పాత వార్తల్లో ఎప్పటినుంచి ఉందో వెతుకుతోంది. కాగితం పత్రికలు ఏనాడో పోయాయి. ఏ పాత సంచిక కావాలన్నా ఇంటి గోడను అడిగితే చదివి వినిపిస్తుంది. ఎన్ని అడిగినా ఆ మాట రాలేదు. చివరికి అమ్మ పనిచేసిన జూట్ మిల్లు వార్త అడిగింది.

“కార్మికుల విరామం రెండో నెలలోకి ప్రవేశించింది,” అని చదివింది గోడ.

చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ అప్పలనరసమ్మ తలెత్తింది. “విరామమేటే? పస్తులుండి సమ్మె చేసినాం. పేపర్లో అలాగే రాసినారు.”

ఇందుమతి భర్త వైపు చూసింది. రమణమూర్తి పాత పత్రికల భాండాగారంలోనే పనిచేస్తాడు.

“జనాన్ని రెచ్చగొట్టే మాటలు పాత సంచికల్లోంచి తీసేయమన్నారు పైవాళ్ళు. ఆ మార్పులు నేనే చేశాను,” అన్నాడతను.

“నేను ఆ మాట కోసమే వెతుకుతున్నానని నీకు తెలుసు కదా?”

“తెలుసు. చెబితే ఉద్యోగం పోతుంది.”

“మరి లక్షల వార్తల్లో అంత చిన్న మిల్లు వార్త నీకెలా దొరికింది?”

అతను అత్తగారి వైపు చూశాడు. అప్పలనరసమ్మ చేతిలో కాయ పళ్ళెంలో పెట్టేసింది.

“రోజూ నా పక్కన కూర్చుని ఆ మిల్లు కబుర్లన్నీ అడిగేవోడివి. నా మీద ప్రేమనుకున్నాను బాబూ,” అంది.