ఆ దేశం మాటలు

"అత్తయ్యా, మీ అబ్బాయి మూడేళ్ళుగా పరాయి దేశాన్ని ఉద్ధరిస్తున్నారు కదా. ఆ భాష కాస్త వినిపించమనండి," అన్నాను ఆయన యూనిఫాం ఇస్త్రీ చేస్తూ. సెలవు అయిపోయింది. రేపే మళ్ళీ ప్రయాణం.

ఆయన బూట్లు పాలిష్ చేస్తూనే ఆ భాషలో నాలుగు మాటలు గడగడా అప్పజెప్పి, అర్థాలు కూడా చెప్పారు.

"ఆగు. చేతులెత్తు. తలుపు తియ్యి. వెనక్కి వెళ్ళు."

మేజోళ్ళు మడతపెడుతున్న అత్తయ్య ముక్కున వేలేసుకున్నారు.

"వాళ్ళ బాగు కోసమే వెళ్ళావు కదరా! 'బాగున్నారా' అనే మాటొక్కటీ నేర్చుకోలేదూ?"

"దాంతో పని పడలేదమ్మా."

"పోనీ, వాళ్ళేమంటారు? దేవుడిలా వచ్చారంటారా?" నేను వదల్లేదు.

బ్రష్ ఆగింది.

"ముసలాళ్ళ నుంచి పిల్లల దాకా అందరూ అడిగేది ఒకటే. 'ఎప్పుడు వెళ్తారు?' అని."

"మీరేం చెబుతారు?"

"ఏం చెప్పను? మొదట ఆరు నెలలన్నారు. ఇప్పుడు మా పైవాళ్ళకే తెలియదు."

'ఎప్పుడొస్తారు?' అని పొద్దుటి నుంచీ అడుగుదామనుకుంటున్నాను. ఆ ప్రశ్నను తీసుకెళ్ళి ఆ జనం వెనకాల వరసలో నిలబెట్టి, రెండో చొక్కా అందుకున్నాను.