అరువు నడక

యుద్ధం మొదలయ్యాక తెనాలి కుర్రాళ్లంతా తమ నడక తాము నడవడం మానేశారు. సైన్యంలో చేరనివాళ్లను వెతికే డ్రోన్లు, ముఖం కప్పుకున్నా నడకను బట్టి పట్టేసేవి. అందుకని చాటుగా ఏస్తేరు చెప్పుల కొట్టుకొచ్చి, ఒక చెప్పులో మందపాటి తోలు వేయించుకుని వేరే నడక నేర్చుకునేవారు.

వాళ్లలో ఒకడు ముసుగు, నల్లకళ్లద్దాలు ఎన్నడూ తీసేవాడు కాదు. పేరు అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. తోలు అరగకముందే మళ్లీ వచ్చేవాడు.

"కుడికాలు ఇంకాస్త ఈడ్చండి. ఎడమకి ఒరగండి," అనేది ఏస్తేరు. "ఈ నడక ఇంకెవరికీ ఇవ్వలేదు."

"మరి నా అసలు నడక చూడరా?"

"చూడాలనే ఉంది."

"యుద్ధం అయిపోయాక చూద్దురుగాని."

తర్వాత అతను రాలేదు. యుద్ధం ముగిసింది. ముసుగులు తీసేసిన కుర్రాళ్లు వీధి నిండా తిన్నగా నడిచిపోతుంటే ఏస్తేరు పనొదిలేసి గుమ్మంలో నిలబడింది. వాళ్లలో అతనెవరో ఎలా తెలుస్తుంది? తానిచ్చిన నడక తప్ప అతని గురించి ఆమెకేమీ తెలియదు.

కొట్టు మూసే వేళకు వీధి చివర ఎవరో కనిపించారు. చెప్పులు చేత పట్టుకుని, వట్టికాళ్లతో, కుడికాలు ఈడుస్తూ ఎడమకి ఒరుగుతూ వస్తున్నాడు.

ఏస్తేరు మెట్టు దిగింది. అది చూసి అతను ఆగాడు. చెప్పులు కింద పెట్టేసి, ఆమె వైపు తిన్నగా నడవసాగాడు.