ఆది జాకెట్టు

"ఏంటి సాయిదుర్గా, మళ్ళీ బుట్ట చేతులేనా?"

గీతిక అరుపుకి ఆఫీసంతా కుర్చీలు తిప్పి చూసింది.

సాయిదుర్గ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చిన్న పూల వాయిలు చీర. మోచేతుల దాకా బుట్ట చేతులు, వాటి అంచున లేసు, మెడ చుట్టూ కుచ్చులు. ఎవరిదో పాత పెళ్ళి ఫొటోలోంచి లేచొచ్చినట్టుంది.

"బాలేదా?" అంది.

"బాలేదని ఎవరన్నారు? మ్యూజియంలో పెడితే టిక్కెట్టు కొనుక్కుని మరీ చూస్తారు," అన్నాడు దొరబాబు.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తను నవ్వకపోతే వాళ్ళు ఇంకా నవ్వుతారని తెలిసిన నవ్వు అది.

భీమవరంలో రొయ్యల మేత అమ్మే కంపెనీ ఆఫీసు అది. బట్టలకి అక్కడ ఏ రూలూ లేదు. ఎవరికి నచ్చింది వాళ్ళు వేసుకోవచ్చని ఓనరు హర్ష గొప్పగా చెప్పుకుంటాడు. ఆయన టీషర్టులో వస్తాడు. కాబట్టి అందరూ టీషర్టుల్లోనే వస్తారు.

"ముందు నీ టైలర్ని మార్చవే," అంది గీతిక. "మా బొటిక్ ఆవిడకి ఓ ఆది జాకెట్టు పడేస్తే చాలు. దాన్ని చూసి కుట్టేస్తుంది. కొలతలు కూడా అక్కర్లేదు."

"నేను ఆది ఇవ్వను. ప్రతిసారీ కొలతలే ఇస్తాను."

"ప్రతిసారీనా? ఆ ముసలాయన ముందు గంటలకొద్దీ నిలబడా?"

సాయిదుర్గ తన సీటు దగ్గరికెళ్ళి కంప్యూటరు ఆన్ చేసుకుంది.

మధ్యాహ్నం ఆ ముసలాయనే వచ్చాడు. పేరు అప్పారావు. మెడలో టేపు, చంకలో పేపరు చుట్టిన పొట్లం. ఈ బిల్డింగు లేవకముందు ఇక్కడే ఆయన కుట్టు మిషను కొట్టు ఉండేది. అందుకే జాకెట్టు పూర్తవగానే ఆయన కాళ్ళు ఇటే వస్తాయి. వాచ్‌మన్ ఆపడం మానేశాడు.

"మీ పేరేంటన్నారమ్మా?" అనడిగాడు, ఎప్పటిలాగే.

"సాయిదుర్గండి, మాస్టారూ."

"మంచి పేరు. ఎవరు పెట్టారో గానీ. ఏదీ, చెయ్యెత్తండి. చంక కింద పట్టేస్తోందా?"

అందరి ముందూ ఆమె చెయ్యెత్తింది. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

"లేదు మాస్టారూ. సరిగ్గా కుదిరింది."

"చూసినవాళ్ళు ఏమంటున్నారు?"

"ఎవరు కుట్టారని అడుగుతున్నారండి."

ముసలాయన మొహం వెలిగిపోయింది. పొట్లం ఆమె చేతిలో పెట్టాడు.

"అడుగుతారమ్మా, అడక్కేం చేస్తారు! గుడ్డ తెండి, ఇంకోటి కుడతాను."

ఆయన చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో ఉంది. సాయిదుర్గ చెయ్యి అటు వెళ్ళబోయి, మధ్యలోనే ఆగిపోయింది.

శుక్రవారం హర్ష ఆమెని పిలిచాడు.

"సోమవారం గ్రూపు ఫొటో ఉందండి. మీ ఇష్టమేననుకోండి... కానీ మీరొక్కరే వేరేగా కనబడతారు."

అంతకంటే ఏమీ అనలేదు. అనాల్సిన పని లేదు.

ఆ సాయంత్రం అప్పారావు కొత్త పొట్లంతో వచ్చేసరికి సాయిదుర్గ గోడౌన్‌కి వెళ్ళి ఉంది. గీతిక, దొరబాబు ఎదురెళ్ళారు.

"తాతగారూ, ఆ అమ్మాయి మొహమాటానికి మీతో చెప్పట్లేదు గానీ, ఇటు చూడండి," అని దొరబాబు ఫోను చూపించాడు.

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో సాయిదుర్గ ఫొటో. దాని కింద వరసగా పళ్ళికిలించి నవ్వే పసుపుపచ్చ బొమ్మలు.

"ఇవెందుకు నవ్వుతున్నాయి బాబూ?"

"మీ కుట్టు చూసి," అంది గీతిక. మంచి పనే చేస్తున్నాననుకుంది. "ఇప్పుడెవరూ ఇలాంటివి వేసుకోవట్లేదండీ. మీరు మానేస్తే ఆ అమ్మాయి బాగుపడుతుంది."

ముసలాయన ఆ బొమ్మల వంక చాలాసేపు చూశాడు. మెడలో టేపు తీశాడు. మెల్లిగా చుట్టి జేబులో పెట్టుకున్నాడు. తెచ్చిన పొట్లం మళ్ళీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం సాయిదుర్గ టీషర్టులో వచ్చింది.

ఆఫీసంతా చప్పట్లు.

"ఇప్పుడయ్యావ్ మా మనిషివి!" అంది గీతిక. "థాంక్స్ మాకు చెప్పు. మీ మాస్టారికి నచ్చజెప్పింది మేమే."

"ఏం చెప్పారు?"

చెప్పారు. నవ్వే బొమ్మల సంగతితో సహా.

సాయిదుర్గ బ్యాగులోంచి పూల గుడ్డ ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. ఇంకా కత్తెర పడలేదు. దాని మీద చుట్టిన టేపు.

"నిన్న గుడ్డ పట్టుకెళ్ళాను. 'మిమ్మల్ని నవ్వులపాలు చేశానమ్మా, వేరే టైలర్ని చూసుకోండి' అని దణ్ణం పెట్టారు. మిషను మీద దుప్పటి కప్పేశారు. టేపు కూడా నాకే ఇచ్చేశారు. ఆ జాకెట్లు నా ఒంటి మీద కనబడితే మొహం అటు తిప్పేసుకుంటున్నారు."

"మతిమరుపు మనిషే కదా," అన్నాడు దొరబాబు. "నాలుగు రోజులు పోతే అదీ మర్చిపోతాడు."

"భార్య పోయిన సంగతి మర్చిపోయారు. కన్నకూతురి మొహం మర్చిపోయారు. మీ బొమ్మల్ని మాత్రం మర్చిపోవడం లేదు. అన్నం ముందు కూర్చుని కూడా, ఎందుకు నవ్వాయనే అడుగుతున్నారు."

దొరబాబు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"మేమొచ్చి బాగున్నాయని చెప్తాంలే," అంది గీతిక. గొంతు తగ్గింది. "కావాలంటే నేనూ ఒకటి కుట్టించుకుంటాను."

"పొద్దున్న పక్కింటావిడ చేత చెప్పించాను. నమ్మలేదు."

ఫొటోగ్రాఫరు వచ్చాడని ఎవరో పిలిచారు. ఎవరూ లేవలేదు.

"ఆయనకి కూతురుందా? పాపం, ఆ అమ్మాయి ఎలా ఉంటోందో!" అంది గీతిక.

సాయిదుర్గ టేపు విప్పి, మళ్ళీ చుట్టింది.

"పెరటి గుమ్మంలోంచి బయటికెళ్ళి, గుడ్డ పట్టుకుని వీధి గుమ్మంలోంచి కస్టమర్లా వచ్చేది," అంది. "కొలతలు తీసేటప్పుడు మాత్రమే, మా నాన్న నా భుజం మీద చెయ్యి వేసేవారు."