కోడిదొంగ మీద ఫిర్యాదు

పడవ దిగగానే ఊరిపెద్ద రాతు ఎపెలీ ఎదురొచ్చి ఇనోకే చేతులు పట్టుకున్నాడు. వెనకే దిగిన అలుమీతాని చూసి మొహం చిట్లించాడు.

"దీన్నెందుకు తెచ్చారయ్యా? వీళ్ల తాత మా పీతల్ని దొంగిలించాడు. ఇది వలలు కూడా మిగల్చదు!"

ఇనోకే కడుపు చల్లబడింది. నెలరోజులుగా అందులో మంటే మరి! ఫిజీ రాజధాని సువాలోని బ్యాంకులో దీవుల విభాగానికి అధిపతి కుర్చీ ఒక్కటే, పోటీ ఇద్దరు: తనూ, అలుమీతా. ఈ ఊరి ఖాతాలను ఎవరు ఫోన్ యాప్‌లోకి ఎక్కిస్తే వాళ్లు కుర్చీ ఎక్కుతారు. ఇనోకే సిడ్నీలో పెరిగాడు. దీవుల ఆచారాల మీద కోర్సు చేసి, సర్టిఫికెట్‌కి పటం కట్టించుకున్నాడు. అలుమీతాకి పటమూ లేదు, పటాటోపమూ లేదు. అయినా దీవుల సంగతులు ఆఫీసులో అందరూ ఆమెనే అడుగుతారు. అసూయ కూడా యాప్ లాంటిదే. ఒకసారి ఎక్కిందంటే లోపల నడుస్తూనే ఉంటుంది.

ఇనోకే ఆచార పానీయం చేసే యంగోనా వేర్ల కట్టను పద్ధతిగా సమర్పించాడు. అతనికి కొత్త చాప వేశారు. కొబ్బరిపాలలో ఉడికిన చేపతల పెట్టారు. అలుమీతాకి తిట్లు పెట్టారు.

"నీ మొహం చూస్తే చేపలు పారిపోతాయే!" అన్నాడు రాతు.

"నీ కంపుకి పడవలే పారిపోతున్నాయి, ముసలోడా!"

ఊరంతా పడీపడీ నవ్వింది. ఆ నవ్వుకీ కుళ్లుకున్నాడు ఇనోకే. తనకేమో రెండు ముక్కల మర్యాద, ఆమెకి రెండు గంటల తిట్లు!

వెళ్లేటప్పుడు అలుమీతా రాతు పెరట్లోని పుంజును చంకలో పెట్టుకుని, అడక్కుండా పడవెక్కింది. ఇనోకే ఫొటో తీశాడు. పుంజు ఆమెకి చిక్కింది, ఆమె తనకి చిక్కింది!

మర్నాడే బ్యాంకు పర్యవేక్షణ కమిటీకి ఫిర్యాదు వెళ్లింది: ఖాతాదారును దూషించుట, కోడిని అపహరించుట.

కమిటీ ఇద్దరినీ కూర్చోబెట్టి, రాతుకి ఫోన్ కలిపింది.

"ఈమె మీ కోడిని ఎత్తుకెళ్లిందా?"

"ఎత్తుకెళ్లింది."

"మిమ్మల్ని ముసలోడా అందా?"

"అంతకంటే ఘోరంగా అంది."

ఇనోకే అప్పుడే కొత్త కుర్చీలో ఉన్నట్టు సర్దుకుని కూర్చున్నాడు.

"మరి మీ ఊరి ఖాతాలు ఎవరి చేతిలో పెడతారు?"

"ఆ కోడిదొంగ చేతిలోనే," అన్నాడు రాతు, "దాని ఊరూ మా ఊరూ తాతలనాటి నుంచీ తౌవూ, ఒకే మూలపురుషుడి చుట్టాలం, తిట్టుకోవడం, ఎత్తుకుపోవడం మాకు వరస, చాపేసి మర్యాద చేసి పంపేది పరాయివాళ్లనే కదయ్యా!"