నాలుగు నెలల తేడా

"ఒక్క తల్లికి నాలుగు నెలల తేడాతోని ఇద్దరు పిల్లలు ఎట్ల పుడ్తరు? గిదే వాళ్లు అడిగేది," అన్నాడు మల్లికార్జున్, కాగితాన్ని రాజేశ్ వైపు తిప్పుతూ.

మల్లికార్జున్ పాలమూరు బస్టాండ్ ఎదుట వీసా దరఖాస్తులు నింపిపెట్టే మనిషి. రాజేశ్‌ది అదే వీధిలో మోటార్ వైండింగ్ దుకాణం. లండన్ వెళ్లాలని అతను కలలో కూడా అనుకోలేదు. చెల్లెలు స్వర్ణ అక్కడ ఓ ఆసుపత్రిలో నర్సు. ఇప్పుడు అదే ఆసుపత్రిలో రోగి. రక్తానికి క్యాన్సర్. మందులకు లొంగడం లేదు. తోబుట్టువు ఎముకలోని మూలుగ ఎక్కిస్తే బతకొచ్చని డాక్టర్లన్నారు. ఆమెకున్న తోబుట్టువు రాజేశ్ ఒక్కడే.

తల్లి బక్కమ్మకు ఇంత సంగతి చెప్పలేదు. స్వర్ణకు జ్వరం తగ్గట్లేదని, తోడుకు పోతున్నానని చెప్పాడంతే.

తీరా వీసా రాలేదు. పదో తరగతి సర్టిఫికెట్లలో ఇద్దరి పుట్టిన తేదీలకూ నడుమ నాలుగు నెలలే ఉంది. వీళ్లు అన్నాచెల్లెళ్లని నమ్మలేమని బ్రిటన్ అధికారులు తేల్చేశారు.

రాజేశ్‌కు ఒళ్లు మండింది. వాళ్ల ఊళ్లో ఏ ఇంట చూసినా అలాంటి తేదీలే. బళ్లో చేర్చుకునేటప్పుడు సారు తోచింది రాసేవాడు. ఒకింట్లో కాగితాల ప్రకారం తమ్ముడే అన్నకంటే పెద్ద. పైగా వీళ్లిద్దరూ ఊళ్లో పుట్టలేదు. కాలం చేసిన తండ్రి ఐలేశం అప్పట్లో గొర్రెల మంద వెంట కృష్ణ ఒడ్డుకు వలసపోయి, మూడేళ్లు అటే తిరిగి, పెళ్లాన్నీ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. ఇక దవాఖాన చీటీ ఎక్కడిది?

"గీ ముచ్చటే వాళ్లకు రాయరాదు?" అన్నాడు రాజేశ్.

"రాస్తే వింటరా? ఒకప్పుడు వాళ్ల దొర హైదరాబాద్ కోఠీల కూసోని నిజాంకే హుకుం ఇచ్చిండు. ఇప్పుడు హుకుం పోయింది, స్టాంపు మిగిలింది. మనకు గా స్టాంపే కావాలె."

"వాళ్లు మన దేశం వచ్చినప్పుడు మనం ఏ కాగితం అడిగినం?"

"అడగలే. గందుకే వచ్చిన్రు."

స్వర్ణతో ఒకే గదిలో ఉండే సంధ్య లండన్‌లోని మన రాయబార కార్యాలయానికి పరుగెత్తింది. అక్కడి అధికారి మంచివాడు. స్వయంగా రాజేశ్‌కు ఫోన్ చేశాడు. వాళ్లకు ఉత్తరం రాస్తానన్నాడు, మళ్లీ మళ్లీ రాస్తానన్నాడు. చివర్లో గొంతు తగ్గించి, "మేం అడగగలం బాబూ, అంతే. ఇల్లు వాళ్లది, తలుపూ వాళ్లదే," అన్నాడు.

స్వర్ణ మొదట్లో వీడియోలో కనబడగానే వీసా సంగతే అడిగేది. తర్వాత అడగడం మానేసింది. తలకు గుడ్డ చుట్టుకుని, దుకాణం నడుస్తోందా, అమ్మ వేళకు తింటోందా అని ఆరా తీసేది. ఆ మాటలు విన్న రోజు రాజేశ్ మల్లికార్జున్ దగ్గరికి రెండుసార్లు పోయేవాడు.

మల్లికార్జున్ సలహా మీద సాక్ష్యాలు రాయించుకోవడానికి ఊరికి వెళ్లాడు. వాకిట్లో నలుగురూ చేరారు. పక్కింటి సైదమ్మ ఊరుకునే మనిషి కాదు.

"నేను మొదటి నుంచి అంటనే ఉన్న. రాజేశ్ అంటే అచ్చం ఐలేశమే, గదే నలుపు, గదే పొడుగు. గింత తెల్లటి పిల్లను ఏ మందల దొరకబట్టినవే బక్కమ్మా?"

అందరూ నవ్వారు. బక్కమ్మ నవ్వలేదు, మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లింది. ఇద్దరూ తన పిల్లలేనని రాసిన కాగితం మీద వేలిముద్ర వేసే ముందు ఆమె అందులో ఏం రాసుందో రెండుసార్లు చదివించుకుంది. కూతురి మీద బెంగ అనుకున్నాడు రాజేశ్.

ఎవరి ఉత్తరం పనిచేసిందో గానీ, స్వర్ణ మాట్లాడే ఓపిక కూడా పోగొట్టుకున్న రోజుల్లో వీసా వచ్చింది.

రాజేశ్ ఊళ్లో ఇంటికి వచ్చి సంధ్యకు ఫోన్ కలిపాడు. తల్లి కూడా వినాలని స్పీకర్ పెట్టాడు.

"జల్ది రా అన్నా," అంది సంధ్య. "డాక్టర్లు ఎదురుచూస్తున్నరు. అక్కడి రిపోర్టులు వీళ్లు తీసుకోరు, ఇక్కడే నీ రక్తం పరీక్ష చేసి, సరిపోతే మూలుగ తీస్తరు. సొంత అన్న గద, గందుకే ఆశ ఉందన్నరు."

గడప మీద కూర్చున్న బక్కమ్మ తలెత్తింది. "మూలుగ తీసుడేంది?"

ఇక దాచే పని లేదనుకుని రాజేశ్ అంతా చెప్పాడు. బయటివాళ్లలో ఎంత వెతికినా సరిపడేది దొరకలేదు. ఒక్క తల్లీతండ్రికి పుట్టినవాళ్లదైతే కుదరొచ్చు. మిగిలిన దారి అదొక్కటే.

బక్కమ్మ గడప పట్టుకుని ముందుకు వంగింది.

"ఒక్క తల్లి పాలు తాగితె సాలదా బిడ్డా?"

రాజేశ్‌కు అర్థం కాలేదు.

"తల్లి సచ్చిన పిల్లను ఇంకో గొర్రె పాలకు ఇడుస్తం. పాలు కుడిసినంక అది దాని పిల్లే. మనుసులకూ గంతే అన్నడు మీ బాపు. ఇద్దరూ నా పాలే తాగిన్రు. రక్తం గూడ ఒక్కటైతదనుకున్న."

ఫోన్‌లో సంధ్య హలో హలో అంటోంది. రాజేశ్ దాన్ని ఆపేసి, తల్లి ముందు కింద కూర్చున్నాడు. సైదమ్మ పరిహాసం ఈసారి పరిహాసంలా తోచలేదు.

"ఎవ్వలు కన్నా స్వర్ణ నా చెల్లెలే," అన్నాడు మెల్లగా. "చెప్పమ్మా. ఎవ్వల బిడ్డ?"

బక్కమ్మ రెండు చేతులతో అతని మొహం దగ్గరికి తీసుకుంది.

"స్వర్ణను నేనే కన్న."