పారేసిన నమూనా

"ఆ కాగితం మా ఇంట్లో పెట్టకు బాబూ. అట్టుకెళ్లిపో," అంది సోములమ్మ.

ప్రొఫెసర్ జగన్నాథరావు చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పొద్దున్నే విశాఖలో కిరండూల్ రైలెక్కి, అరకులో దిగి, అక్కణ్ణించి రెండు గంటలు కొండదారిన నడిచొచ్చాడాయన. చేతిలో ఉన్నది పెద్ద సైన్సు జర్నల్లో అచ్చయిన పరిశోధన. అందులో మొదటి పేరు ఆమె కొడుకు భాస్కర్‌ది. భాస్కర్ పోయి నలభై రోజులైంది.

"మీ అబ్బాయి మూడేళ్ల కష్టమమ్మా ఇది. నా దగ్గరే చేశాడు."

"ఎలకల్ని కోసే పనే కదా. ఆటి ఉసురే తగిలింది నా గుంటడికి."

"ఉసురు కాదమ్మా, రక్త క్యాన్సరు."

ఆమె ముంగిట్లో ఆరబోసిన కాఫీ గింజల్ని చేత్తో కలియబెడుతూ కూచుంది. చేతులాపి తనే అడిగింది.

"ఏటి సేసీవోడు అక్కడ?"

ఆయన అరుగు మీద కూలబడి, చేతనైనంత తేలిగ్గా చెప్పాడు. ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి. మామూలప్పుడు కునుకు తీస్తుంటాయి. రోగం లోపలికి రాగానే మేలుకుంటాయి. అప్పుడు వాటిలో ఏ జన్యువు ముందు పని మొదలెడుతుంది, ఏది ఎంత జోరుగా చేస్తుంది? ఎలుకల కణాల్ని మేల్కొలిపి, గంటగంటకీ కూచుని కొలిచాడు భాస్కర్.

"అందుకేనేటి! సెలవులకొస్తే ఎలక కూర ముట్టీవోడు కాదు. 'అవి నాకు సదువు సెప్తన్నాయే అమ్మా' అనీవోడు."

నవ్వబోయి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. లోపలికెళ్లి గిన్నెడు చోడంబలి తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"తాగు బాబూ. అంత దూరం నడిసొచ్చినావు."

గిన్నె అందుకున్నాడు గానీ నోటిదాకా తీసుకెళ్లలేకపోయాడు. మనసులో దాచుకున్న మాట చెప్పకుండా వెళ్లిపోదామనే వచ్చాడు. ఇక వల్లకాలేదు.

"అమ్మా, నేనొక తప్పు చేశాను. ఎలుకలతో పోల్చి చూడ్డానికి ఓసారి మనిషి రక్తం కావాల్సొచ్చింది. భాస్కర్ తన రక్తమే తీసుకున్నాడు. మేం ఏమీ కలపకముందే అందులో కణాలు మేలుకుని ఉన్నాయి, జన్యువులు అదుపు లేకుండా పనిచేస్తున్నాయి. పరుగెత్తుకొచ్చి నాకు చూపించాడు. నేను కసిరాను. 'చెయ్యి శుభ్రం లేక నమూనా పాడుచేశావు, పారేసి ఇంకొకరి రక్తంతో మళ్లీ చెయ్యి' అన్నాను. అది పొరపాటు కాదమ్మా, జబ్బు. ఎనిమిది నెలల తర్వాత గానీ బయటపడలేదు. ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపి ఉంటే..."

ఆమె తిడుతుందని, మన్నెత్తి పోస్తుందని తల వంచుకు కూచున్నాడు. అలా చేస్తేనే బాగుండుననిపించింది కూడా.

సోములమ్మ ఆయన చేతిలో ఒరిగి ఒలికిపోతున్న గిన్నెను నెమ్మదిగా తీసి పక్కన పెట్టింది.

"నాకు తెలుసు బాబూ. ఆస్పత్రిలోనే సెప్పినాడు. 'మా సారుకి ఈ సంగతి ఇంకా తట్టనేదే అమ్మా, తడితే ఆయన బతకనేడు, నువ్వెప్పుడూ అనకు' అని నా సేత ఒట్టేయించుకున్నాడు."